గాజు కాదు, ముందు గచ్చు చూడండి

నా ఫోన్లో 'డ్రీమ్ బాత్‌రూమ్' అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో 112 ఫొటోలు. నల్లటి మ్యాట్ టైల్స్, సీలింగ్ నుంచి వానలా పడే షవర్, కింది నుంచి పైదాకా గాజు గోడ. ఎప్పుడో సొంత ఫ్లాట్ కొన్నాక పనికొస్తాయని రెండేళ్లుగా సేవ్ చేసుకుంటూ వచ్చా. తీరా ఆ ఛాన్స్ విజయవాడలో మా అమ్మానాన్నల ఫ్లాట్‌లో వచ్చింది. కాకపోతే నేను కోరుకున్నట్టు రాలేదు.

మొన్న చలికాలంలో మా నాన్నమ్మ బాత్‌రూమ్‌లో పడింది. ఆవిడకి 78 ఏళ్లు. స్నానం చేసే చోటుకీ, కమోడ్ ఉన్న చోటుకీ మధ్య నీళ్లు ఇటు రాకుండా 4 అంగుళాల కట్ట ఉండేది. ఇరవై ఏళ్లుగా అందరం దాటుతున్న కట్టే. ఆ రోజు తడి కాలు దాని మీద జారింది. తుంటికి ఏం కాలేదు, అదే అదృష్టం. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

చెయ్యి అతుక్కుంది గానీ, ఇంట్లో రూల్స్ మారిపోయాయి. అమ్మ తోడు లేకుండా స్నానం చేయకూడదు. తలుపు గడియ పెట్టకూడదు. రోజూ ఆరింటికల్లా స్నానం చేసి దీపం పెట్టే మనిషి, "ఇవాళ జలుబుగా ఉందే, రేపు చేస్తాలే" అనడం మొదలుపెట్టింది. ఆ రేపు రెండ్రోజులకు గానీ వచ్చేది కాదు. అది జలుబు కాదని మాకు ఆలస్యంగా అర్థమైంది. ఈ వయసులో కోడలి ముందు పసిపిల్లలా కూర్చుని స్నానం చేయించుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. పైకి మాత్రం చెప్పదు.

ఒక ఆదివారం నాన్న ఫోన్ చేసి, "బాత్‌రూమ్ కొట్టించేద్దాం రా, నువ్వొచ్చి చూసుకో" అన్నారు. నేను ఫోల్డర్ పట్టుకుని బస్సెక్కా.

మేస్త్రీ అడిగిన ప్రశ్న

వాక్-ఇన్ షవర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం కాదు. కట్ట, తొట్టి, తలుపు లాంటి అడ్డాలు లేకుండా నేరుగా నడిచి వెళ్లి నిలబడే షవర్. సరిగ్గా మాకు కావలసింది అదే. మేస్త్రీ గారికి ఫొటోలు చూపించా. ఆయన ఓపిగ్గా పది దాకా చూసి, ఫోన్ తిరిగిచ్చేసి, "బానే ఉన్నాయి బాబూ. ఇందులో స్నానం చేసేదెవరు? ఎలా చేస్తారు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. హాల్లోంచి నాన్నమ్మే చెప్పింది. "నాకా వానలూ గీనలూ వద్దు. రోజూ నెత్తి తడిస్తే పడదు. కూర్చుని చెంబుతో పోసుకుంటా."

అంతే. 112 ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా కూర్చునే చోటు లేదు. బకెట్ పెట్టే చోటు లేదు. మన ఇళ్లలో సగంమంది స్నానం చేసే పద్ధతే ఆ డిజైన్లలో లేదు. అప్పుడే ఒక నోట్ రాసుకున్నా: నాన్నమ్మ కూర్చుంటుంది, అమ్మకి బకెట్ కావాలి, నాన్న నిలబడి షవర్ కింద చేస్తారు, నేను పండక్కి వస్తా. మీరు కూడా టైల్స్ షాపుకి వెళ్లే ముందు ఇలాంటి లిస్ట్ ఒకటి రాసుకోండి.

టేపు పట్టుకోండి

మా బాత్‌రూమ్ 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. చివరి 3 అడుగులు షవర్‌కి వదిలాం. అంటే తడి భాగం 5 బై 3. ఒక మనిషి మోచేతులు గోడలకి కొట్టుకోకుండా స్నానం చేయాలంటే కనీసం 3 బై 3 అడుగులు ఉండాలి. కూర్చునే చోటు కూడా కావాలంటే ఇంకాస్త.

ఆ 5 అడుగుల వెడల్పులో 2 అడుగులు గాజు పలక, మిగతా 3 అడుగులు ఖాళీగా దారి. రేపు వీల్‌చైర్ అవసరమైనా లోపలికి వెళ్తుంది. గాజు తలుపు అసలు పెట్టలేదు. గాజు పలక వెనకాల గోడకి ఆనుకుని ఒకటిన్నర అడుగు ఎత్తులో, 15 అంగుళాల వెడల్పుతో గ్రానైట్ దిమ్మ కట్టించాం. గోడకి మడిచే సీట్లు కూడా దొరుకుతాయి. కానీ నాన్నమ్మ దాన్ని చూసి, "ఇది నన్ను మోస్తుందా?" అంది. నమ్మకం లేని సీటు మీద మనిషి స్థిమితంగా కూర్చోలేదు కదా, అందుకే ఇటుకతోనే కట్టించాం.

హ్యాండ్ షవర్, కుళాయి, మిక్సర్ మూడూ దిమ్మ మీద కూర్చుంటే కుడిచేతికి అందేలా పెట్టాం. మిక్సర్ దారి వైపు నుంచి కూడా అందుతుంది. షవర్ కింద నిలబడి ట్యాప్ తిప్పితే మొదట చన్నీళ్లు మీద పడతాయి చూడండి, ఆ గోల లేకుండా.

అసలు పని కాళ్ల కింద

కట్ట తీసేస్తే నీళ్లను ఆపేది ఏంటి? వాటం. అంటే నేల వాలు. మొత్తం డిజైన్ దీని మీదే నిలబడుతుంది, కానీ ఫొటోలో కనిపించనిది కూడా ఇదే.

తడి భాగంలో అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. మాకు 3 అడుగులు కాబట్టి వెనక గోడ దగ్గర నేల ముప్పావు అంగుళం కిందికి ఉంటుంది. నడిస్తే తెలియదు, నీళ్లకి తెలుస్తుంది. కమోడ్ వైపు నేలకి అందులో సగం వాలు, అది కూడా షవర్ వైపే. మధ్యలో నహానీ ట్రాప్ పెడితే నాలుగు వైపుల నుంచీ వాలు ఇవ్వాలి, టైల్స్ ముక్కలు కోయాలి. అందుకే వెనక గోడ పొడవునా సన్నటి లీనియర్ డ్రెయిన్ పెట్టించాం. వాలు ఒకే వైపు, పని తేలిక. జాలీ పైకి లేచి, కింద చెత్త చేత్తో తీసేలా ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. జుట్టు ఇరుక్కోని డ్రెయిన్ ఉండదు.

అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ స్లాబ్‌ని మిగతా ఇంటికంటే కిందికి దించి, పైపులేసి, ఇటుక ముక్కలతో పూడుస్తారు. మాది అలాంటిదే. కాబట్టి కట్ట తీసి నేల దించడానికి చోటు దొరికింది. స్లాబ్ దించని ఇళ్లలో ఇది కుదరకపోవచ్చు. అప్పుడు స్లాబ్‌నే చెక్కేద్దామని మాత్రం అనుకోకండి, అది మొత్తం బిల్డింగ్ బలానికి సంబంధించిన విషయం. అర అంగుళం ఏటవాలు అంచుతో సర్దుకోవడం మేలు.

తర్వాత వాటర్‌ఫ్రూఫింగ్. నేల మొత్తానికి, షవర్ ఉన్న గోడలకి తల ఎత్తు దాటేదాకా, మిగతా గోడలకి అడుగు ఎత్తు వరకూ రెండు కోట్లు. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. నేలా గోడా కలిసే మూలల్ని గుండ్రంగా పూడ్చాకే కోటింగ్.

ఇక్కడే నేను తొందరపడ్డా. సెలవు అయిపోతోంది, టైల్స్ వచ్చేశాయి. "వేసేద్దాం మేస్త్రీ గారూ" అన్నా. ఆయన వినలేదు. డ్రెయిన్ నోరు మూసి, తలుపు దగ్గర ఇటుకలతో తాత్కాలికంగా కట్ట వేసి, రెండు అంగుళాల నీళ్లు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీశారు. "48 గంటలు ఆగాలి" అన్నారు. మర్నాడు పొద్దున కింది ఫ్లోర్ ఆంటీ మెట్లెక్కి వచ్చారు. వాళ్ల బాత్‌రూమ్ సీలింగ్‌లో పైపు చుట్టూ అరచేయంత తడి. స్లాబ్‌లోకి పైపు దిగే చోట సీలింగ్ సరిగ్గా పడలేదు. అది తవ్వి, మళ్లీ పూడ్చి, మళ్లీ కోటింగ్ వేసి, ఇంకో 48 గంటలు నీళ్లు నిలబెట్టాం. ఈసారి గీత కదల్లేదు. ఆంటీ సీలింగ్ పొడిగానే ఉంది.

టైల్స్ వేశాక ఇది బయటపడి ఉంటే? మొత్తం పగలగొట్టడమే. పైగా కింది ఇంటితో జీవితాంతం గొడవ. మీ ఇంట్లో ఎవరు ఎంత తొందరపెట్టినా ఈ పరీక్ష మాత్రం వదలకండి.

టైల్, గాజు, నీళ్ల ప్రెషర్

మ్యాట్ టైల్ అంటే జారని టైల్ అనుకునేవాణ్ణి. కాదట. జారుడు తట్టుకునే శక్తిని ఆర్9 నుంచి ఆర్13 వరకూ రేటింగ్‌తో చెప్తారు, నంబర్ పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. తడి నేలకి ఆర్10 లేదా ఆర్11 అడగండి. షాపులో శాంపిల్ మీద కాస్త సబ్బు నీళ్లు పోసి పాదంతో రుద్ది చూడండి, వాళ్లేం అనుకోరు. షవర్ భాగంలో పెద్ద పలకల కంటే చిన్న టైల్స్ మంచివి. ఎక్కువ జాయింట్లు ఉంటే పాదానికి పట్టు దొరుకుతుంది. నా నల్ల టైల్స్ కలకి ఇక్కడే తెర పడింది. బోరు నీళ్ల ఉప్పు మరకలు నల్లదాని మీద తెల్లగా కనిపిస్తాయి. పైగా నాన్నమ్మ చూపుకి నేల ఎక్కడుందో, దిమ్మ ఎక్కడుందో తేడా తెలియాలి. నేల లేత బూడిద రంగు, దిమ్మ ముదురు రంగు పెట్టాం.

గాజు 8 లేదా 10 మిల్లీమీటర్ల టఫెన్డ్‌ గాజే తీసుకోండి. పగిలినా మొద్దు అంచులున్న చిన్న ముక్కలవుతుంది. ఒకసారి టఫెన్ చేశాక కోయడం కుదరదు. అందుకే కొలతలు టైల్స్ పూర్తయ్యాకే ఇవ్వాలి.

రెయిన్ షవర్ కొనే ముందు బకెట్ పరీక్ష చేయండి. 15 లీటర్ల బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో టైమ్ చూడండి. 3 నిమిషాలు పడితే మీకొచ్చేది నిమిషానికి 5 లీటర్లు. ఆ ధారకి 12 అంగుళాల రెయిన్ షవర్ పెడితే వాన కాదు, చూరు కారినట్టు ఉంటుంది. ట్యాంక్ నీళ్లు 10 మీటర్ల ఎత్తులో ఉంటేనే ఒక బార్ ప్రెషర్ వస్తుంది. పై అంతస్తుల వాళ్లకి అంత ఎత్తు ఉండదు. మేం చిన్న షవర్‌తో సరిపెట్టుకున్నాం.

గోడకి పట్టుకునే స్టీల్ కడ్డీలు రెండు. ఒకటి దిమ్మ పక్కన, ఒకటి దారి దగ్గర, నేల నుంచి సుమారు 3 అడుగుల ఎత్తులో. టవల్ రాడ్‌ని పట్టుకునే కడ్డీ అనుకోకండి, మనిషి బరువు పడితే ఊడి చేతికొస్తుంది. ఇవి ఇటుక గోడలోకి లోతుగా దిగాలి. గోడ గట్టిదనం టైల్స్ వేయకముందే మేస్త్రీతో చూపించుకోండి. గీజర్ సర్క్యూట్‌కి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాం. గీజర్‌ని 50 డిగ్రీల దగ్గర ఆపాం.

చివరగా తలుపు. లోపలికి తెరుచుకునే తలుపును బయటికి తెరుచుకునేలా మార్చాం. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డం అవుతారు. గడియ కూడా మార్చాం. లోపల పెట్టుకోవచ్చు, అవసరమైతే బయట నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తీయొచ్చు.

అద్దె ఇంట్లో ఉంటే

పగలగొట్టే వీలు లేనివాళ్లు కనీసం ఇవి చేయండి. కాళ్లకి రబ్బరు బుష్‌లున్న గట్టి కుర్చీ, జారని మ్యాట్, ఉన్న కుళాయికే తగిలించే హ్యాండ్ షవర్, రాత్రి వెలిగే చిన్న లైటు. ఓనర్ ఒప్పుకుంటే ఒక కడ్డీ. గాలి పట్టుతో టైల్‌కి అతుక్కునే కడ్డీల మీద మాత్రం పెద్దవాళ్ల బరువు పెట్టనివ్వకండి.

పని పూర్తయిన నాలుగో రోజు పొద్దున్నే నాన్నమ్మ చీర, టవల్ తీసుకుని లేచింది. అమ్మ కూడా లేవబోతే, "నువ్వు కూర్చో" అంది. తర్వాత గడియ పడిన చప్పుడు. మేం ముగ్గురం హాల్లో పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాం. నాన్న చేతిలో రూపాయి బిళ్ల. చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు, మళ్లీ చెంబు. ఇరవై నిమిషాలు.

బయటికొచ్చి, తల తుడుచుకుంటూ నన్ను చూసి, "ఆ కుళాయి ఇంకో బెత్తెడు కిందికి పెట్టాల్సింది రా, బకెట్లో నీళ్లు చిందుతున్నాయి" అని దీపం పెట్టడానికి వెళ్లిపోయింది.

నిజమే, బెత్తెడు కిందికి పెట్టాల్సింది. మీరు కట్టించేటప్పుడు ఆ కొలత కూడా ఇంట్లో పెద్దవాళ్లని అడిగే పెట్టించండి.