ఒక్కరే ఉపాధ్యాయులు.. అయిదు తరగతులు!
విద్యార్థుల సంఖ్యే ప్రామాణికం కావడంతో చిన్న బడులకు చిక్కులు

పల్లెలోని ఓ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 18 మంది పిల్లలున్నారనుకుందాం. వారంతా ఒకే తరగతివారు కారు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఆంగ్లం, గణితం బోధించాలి. మూడు నుంచి అయిదు వరకు వీటికి పరిసరాల విజ్ఞానం తోడవుతుంది. తరగతులవారీగా లెక్కిస్తే మొత్తం 18 పాఠ్యాంశాలు. 90 మంది ఉన్న బడిలోనూ అంతే. పిల్లలు తగ్గితే దిద్దవలసిన నోటుపుస్తకాలు తగ్గుతాయేగాని, చెప్పవలసిన పాఠాలు తగ్గవు. ఉపాధ్యాయుల కేటాయింపు మాత్రం ప్రధానంగా విద్యార్థుల సంఖ్యపైనే ఆధారపడుతోంది. సమస్యకు మూలం ఇదే.

చట్టం ఏం చెబుతోంది?
2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు విద్యార్థులున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులుండాలి. ఇద్దరున్నచోట ఒకరు బదిలీ అయితే భారమంతా మిగిలినవారిదే. బోధనతోపాటు హాజరు నమోదు, మధ్యాహ్న భోజన పర్యవేక్షణ వారే చూసుకోవాలి. వారూ సెలవు పెడితే పక్క ఊరి బడి నుంచి సర్దుబాటు చేయాలి, లేదా తాళం వేయాలి.

పిల్లలు ఎందుకు తగ్గుతున్నారు?
ఇది కేవలం ఉపాధ్యాయుల వైఫల్యం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు 1.7 మాత్రమే. జనాభా స్థిరంగా ఉండాలంటే 2.1 అవసరం. పుట్టే పిల్లలే తగ్గుతుండగా, స్తోమత ఉన్నవారు ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తున్నారు. ఒక్కరే ఉపాధ్యాయులున్నారని తెలిస్తే మరికొందరు అదే దారి పడతారు. సంఖ్య తగ్గిందని పోస్టు తగ్గుతుంది, పోస్టు తగ్గిందని సంఖ్య ఇంకా తగ్గుతుంది. చివరకు మిగిలేది ఫీజు కట్టలేని కూలీల బిడ్డలే.

2022లో 117 జీవోతో పలుచోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ విధానాన్ని ఉపసంహరించి, తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు తెచ్చారు. అయితే ఆ సౌకర్యం పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకే.

సంఖ్యతో నిమిత్తం లేకుండా అయిదు తరగతులు నడిచే ప్రతి బడికీ కనీసం ఇద్దరిని కేటాయించాలి. సెలవుల వేళ పంపేందుకు స్కూల్ కాంప్లెక్సులో అదనంగా ఒకరిని సిద్ధంగా ఉంచాలి. ముందు తరగతులను లెక్కించి, ఆపై పిల్లలను లెక్కిస్తేనే చిన్న బడి నిలుస్తుంది.