చద్దియన్నమునకు చిన్నచూపేల?

అమెరికాలో ఏటేటా సెప్టెంబరు 20వ తేదీని 'ఫ్రైడ్ రైస్' దినముగా జరుపుచున్నారు. మంచిదే, అన్నమును గౌరవించువారిని మేము తప్పుపట్టము. ఆ పేరు వినగనే ఉప్పొంగి, ఇంట తాలింపు పెట్టిన చద్దియన్నమును చూచి ముఖము ముడుచుకొను మనవారినే తప్పుపట్టుచున్నాము.

ఆ వంటకము చీనాదేశమున పుట్టినది. అందు యాంగ్‌ఝౌ పట్టణము పేరిటిది మిక్కిలి ప్రసిద్ధము. నిన్న మిగిలిన అన్నమే దానికి ఆధారము. చల్లారి ఆరిన మెతుకు పొడిపొడిగా విడును, వేడియన్నమైనచో ముద్దయగును. ఈ మర్మము మన అవ్వలకు ఏ పరదేశీయుడును నేర్పలేదు.

శివకాశి, కోవిల్పట్టి, విరుదునగరముల చుట్టునున్న ఈ నల్లరేగడి మెట్టనేలలో మన పెద్దలకు సజ్జలు, జొన్నలే నిత్యాహారము. వరియన్నము పండుగనాటి భాగ్యము. కనుకనే మిగిలిన మెతుకును పారవేయక, నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి మరునాటికిని విందు చేసిరి. దీనిని దారిద్ర్యమనుట అజ్ఞానము.

'పేరేదైననేమి, రుచియే కదా!' అని కొందరందురు. మేమంగీకరింపము. కోవిల్పట్టి చెంత ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్‌గారు మన వలసకథను 'గోపల్ల గ్రామం' అను నవలగా 1976లో తమిళముననే వెలువరించిరి. ఇది నింద కాదు. ఇచట తెలుగు లిపిలోకంటె నోటిలోనే, వంటింటిలోనే బ్రతికినదనుటకు నిదర్శనము. చద్ది, తాలింపు, మెతుకు, ముద్ద అను మాటలును పోయినచో ఇక మిగులునదేమి? 'పెద్దల మాట చద్దిమూట' అను సామెత మన పిల్లలకు అర్థమగునా?

సెప్టెంబరు 20న హోటలుకు పోవువారు పోదురు గాక. మరునాటి ఉదయము ఇంట చద్దియన్నమునకు తాలింపు పెట్టి, దాని పేరు తెలుగులో చెప్పి, పిల్లలకు వడ్డింపుడు.