రద్దయిన అప్పుకు పన్ను భయం

అమెరికాలో దివాలా కోర్టు అప్పులు కొట్టేసిందని ఊపిరి పీల్చుకున్న కుటుంబానికి, ఆ తర్వాతి ఏడాది మొదట్లో ఫారం 1099-సి రావచ్చు. రెండో గడిలో రద్దయిన మొత్తం, ఆరో గడిలో దివాలాను సూచించే ‘ఎ’ అక్షరం ఉంటాయి. దాని నకలు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కూ వెళ్తుంది. మాఫీ అయిన అప్పును అక్కడ మామూలుగా ఆదాయంగా లెక్కిస్తారు కనుక, ఆ అంకె చూడగానే గుండె జారిపోతుంది.

భయపడనక్కర్లేదు. దివాలా కేసులో రద్దయిన అప్పు పన్ను వేయదగ్గ ఆదాయం కాదని చట్టమే చెబుతోంది. కాకపోతే ఆ సంగతి మనమే చెప్పుకోవాలి. రిటర్నుకు ఫారం 982 జతచేసి, 1ఎ గడిలో టిక్కు పెట్టాలి. 1099-సి ఫారాన్ని పక్కన పడేస్తే పన్ను కట్టమంటూ నోటీసు రావచ్చు. ఐపీ పెట్టకముందే బ్యాంకుతో రాజీపడి తగ్గించుకున్న అప్పుకు మాత్రం ఈ రక్షణ లేదు. అలాంటి అప్పుకు, ఆస్తులను మించి అప్పులు ఎంత ఉన్నాయో అంతవరకే మినహాయింపు దొరుకుతుంది.

అన్నీ పోగొట్టుకున్న మనిషి మీదే ఈ రుజువు భారం మోపడం అన్యాయం. దివాలా కోర్టు ఉత్తర్వు కూడా ప్రభుత్వ పత్రమే. ‘ఎ’ అక్షరం కనిపించినచోట నోటీసు పంపేముందు ఆ ఉత్తర్వును సరిచూసుకునే బాధ్యత ఐఆర్‌ఎస్ తీసుకోవాలి. ఈలోగా అక్కడి తెలుగు సంఘాలు తమ పన్ను సదస్సుల్లో ఫారం 982 ఎలా నింపాలో చూపించాలి. అప్పుల మాట పదిమందిలో ఎత్తడానికి మనవాళ్లు సిగ్గుపడతారు కాబట్టి, అడగకముందే చెప్పాలి.