పళ్లెములోని వాగ్దానము

డిసెంబరు 31వ తేది రాత్రి మన ఆలయములలో జరుగు ఒక సంగతినిగూర్చి వ్రాయుచున్నాను. కొందరికి కోపము వచ్చునని యెరుగుదును. ఆరాధన ముగియు వేళకు వాగ్దాన కార్డుల పళ్లెము వచ్చును. కన్నులు మూసికొని ఒకటి తీయుదురు. మంచి వచనము దొరికినవాని ముఖము వెలుగును; నచ్చనివాడు రెండవ కార్డు అడుగును. గద్దింపు వచనములు ఆ పళ్లెములోనికి రావు, వాటిని అచ్చువేయువారును లేరు!

దీనికి దైవనడిపింపు అని పేరు పెట్టితిమి. కాదని నేను చెప్పుచున్నాను. ఇరువది యేండ్లు ఆ పళ్లెము పట్టుకొని నిలిచినవాడను గనుక చెప్పుచున్నాను.

“అబ్రాహాము దాసుడు గురుతు అడుగలేదా?” అని ఒక పెద్ద నన్ను నిలదీసెను. అడిగెను. ఆదికాండము 24వ అధ్యాయము విప్పి, ఏ గురుతు అడిగెనో చూడుడి. తనకు నీళ్లిచ్చి, అడుగకయే ఒంటెలకును చేదిపోయు చిన్నది కావలెననెను. ఒంటెలు పది. దప్పిగొన్న ఒంటె ఒక్కమారే నూరు లీటర్ల వరకు త్రాగగలదు. రిబ్కా ఊటయొద్దకు దిగి, కడవ నింపుకొని, ఎక్కి వచ్చి, తొట్టిలో పోసి మరల పరుగెత్తెను. ఎన్ని మారులో మన ఆడపడుచుల నడుగుడి, వారు లెక్క చెప్పుదురు. ఆ గురుతు కన్నులు మూసికొని తీయునది కాదు. కన్నులు తెరచి ఒకరి గుణమును చూచునది. దాసుడు ఊరకుండి ఆమెను తేరిచూచెనని గ్రంథమే చెప్పుచున్నది. తరువాత ఎవరి కుమార్తెవని అడిగెను. ఇంటివారి యెదుట సంగతి యంతయు వివరించెను. ఆ చిన్నదాని సమ్మతియు అడిగిరి. ఆమె రానన్నయెడల అతడు ప్రమాణమునుండి విడుదల పొందునని అబ్రాహాము ముందే చెప్పియుండెను.

ఇంకొకటి. 27వ వచనములో దాసుడు దేవుని స్తుతించుచు పలికిన రెండు హెబ్రీ మాటలు హెసెద్, ఎమెత్. అనగా కృపయు నమ్మకత్వమును. 49వ వచనములో ఆ రెండు మాటలనే రిబ్కా ఇంటివారియెడల వాడి, నా యజమానునికి మీరు అట్లు చేయుదురా అని అడుగుచున్నాడు. మొదటిదానిని పట్టుకొని రెండవదానిని విడిచితిమి. దేవుడు నమ్మకముగా నడిపింపవలెను, మనము మాత్రము ఎవనికిని నమ్మకముగా నుండనక్కరలేదు!

అపొస్తలులు చీట్లు వేయలేదా అందురు. వేసిరి, అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో. రెండవ అధ్యాయములో ఆత్మ దిగివచ్చిన తరువాత ఆ గ్రంథములో వారు మరల చీట్లు వేసినట్లు లేదు.

మా కొండాపూరు దిబ్బలను 1940-41లో త్రవ్వించినప్పుడు శాతవాహనుల నాణెములు బయటపడెను. అంత పూర్వమునుండి ఈ నేలమీద జనులు నీళ్లు చేదుకొని బ్రదికిరి. పటాన్‌చెరు ప్రాంతమున ఫ్యాక్టరీలు వెలసిన పిదప మంజీరలో కలియు నక్కవాగు విషమాయెను, దాని గట్టునున్న పల్లెల బావులు చెడెను. ఆ సంగతి 1990లో సుప్రీంకోర్టు వరకు పోయెను.

కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములోని ఒక యౌవనుడు కార్డు తెచ్చి చూపెను. చేయునదంతయు సఫలమగునను వాగ్దానమది. “అయ్యగారూ, ట్యాంకరు నడుపు ఉద్యోగము వచ్చినది. రాత్రి డ్యూటీ. దేవుడే త్రోవ చూపెను” అనెను. తలమీద చేయి యుంచి ప్రార్థించితిని. ట్యాంకరులో ఏమి పోయుదురు, రాత్రియే ఎందుకు, ఎక్కడ దింపుదురు అని ఒక్క ప్రశ్న అడుగనైతిని. రిబ్కా తొట్టి నింపెను. మావాడు వాగు నింపుచుండెను, నా ఆశీర్వాదముతో. ఆ వాగు నీళ్లు త్రాగి తన మేనమామ గేదె చచ్చిన తరువాత అతడు ఆ పని మానివేసి నాయొద్దకు వచ్చెను. “అయ్యగారూ, ఆ కార్డు మీ చేతి పళ్లెములోనిదే గదా?” అనెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

ఈ సంవత్సరము పళ్లెము బయటికి తీయనని కమిటీకి చెప్పితిని. ఇద్దరు పెద్దలు లేచిపోయిరి. ఒక తల్లి మాత్రము, “మరి ఆ రాత్రి ఏమి చేయుదుము, అయ్యగారూ?” అని అడిగెను. 24వ అధ్యాయము అరువదియేడు వచనములు చదివి, ఎవరి పని ఎట్టిదో, దానివలన ఎవరి బావి చెడునో ఒకరినొకరు అడుగుకొందుమని చెప్పితిని. చాలసేపు పట్టునే అని ఆమె అనెను. పట్టును.