మెయిన్‌ఫ్రేమ్‌కి ఏ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ బెటర్? స్పీడ్ కాదు.. అసలు చూడాల్సింది ఇదే!

2025 ఏప్రిల్‌లో ఐబీఎం తన కొత్త మెయిన్‌ఫ్రేమ్ జెడ్17ను ప్రకటించింది. అందరూ ఏఐ ఫీచర్ల గురించే మాట్లాడుకున్నారు. కానీ మెయిన్‌ఫ్రేమ్ వాడే బ్యాంకులు, బీమా కంపెనీలకు ఇంకో ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. అంత పెద్ద మెషీన్ బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే మధ్యలో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ కావాలి. మరి అది ఎవరిది తీసుకోవాలి?

ఒకప్పుడు ఒకటే దారి

1974లో ఐబీఎం ఎస్ఎన్ఏ అనే సొంత నెట్‌వర్క్ పద్ధతిని తెచ్చింది. బ్రాంచిల్లోని టెర్మినళ్లు చాలాకాలం దాని మీదే నడిచాయి. ఇంటర్నెట్ రాకతో టీసీపీ/ఐపీ దాని స్థానంలోకి వచ్చింది. అయినా పాత అప్లికేషన్లను ఒక్కరోజులో మార్చేయలేరు కదా. అందుకే ఎస్ఎన్ఏ ట్రాఫిక్‌నే ఐపీ నెట్‌వర్క్ మీద పంపే ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ లాంటి మధ్యేమార్గాలు వచ్చాయి.

ఛాయిస్ ఎక్కడుంది?

పెద్ద బ్యాంకులు వాడే జెడ్/ఓఎస్‌లో పెద్దగా తలనొప్పి లేదు. ఎస్ఎన్ఏ, టీసీపీ/ఐపీ రెండూ ఉన్న కమ్యూనికేషన్స్ సర్వర్ దాంతోపాటే వస్తుంది.

అసలు చిక్కు కాస్త చిన్న సంస్థలు వాడే వీఎస్ఈ దగ్గరుంది. ఇక్కడ ప్రధానంగా మూడు దారులు:

- కనెక్టివిటీ సిస్టమ్స్ కంపెనీ తయారుచేసిన టీసీపీ/ఐపీ. చాలామందికి అలవాటైనది.
- బర్నార్డ్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఐపీవీ6/వీఎస్ఈ. ఇది పాత ఐపీవీ4తో పాటు కొత్త తరం అడ్రసులనూ నడుపుతుంది.
- లైనక్స్ ఫాస్ట్ పాత్. అదే మెషీన్‌లో నడిచే లైనక్స్‌కి నెట్‌వర్క్ పని అప్పగించేస్తుంది.

మొదటి రెండింటినీ ఐబీఎం లైసెన్సు తీసుకుని తన కస్టమర్లకు అందించింది. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకరిది, నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది.

రిస్క్ ఇక్కడే

2021లో వీఎస్ఈని ముందుకు తీసుకెళ్లే బాధ్యత 21వ సెంచరీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీకి వెళ్లింది. జెడ్/వీఎస్ఈ 6.2కి ఐబీఎం సపోర్ట్ 2023 సెప్టెంబర్‌తో ముగిసింది. అందుకే ఇప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న స్పీడ్ గురించి కాదు. అర్ధరాత్రి లింక్ పడిపోతే ఫోన్ ఎత్తేది ఎవరు? పదేళ్ల తర్వాత కూడా ప్యాచ్ ఇచ్చేది ఎవరు?

రెండోది భద్రత. మెయిన్‌ఫ్రేమ్ స్క్రీన్లను మామూలు పీసీలో చూపించే టీఎన్3270కి ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే పాస్‌వర్డ్ కూడా నెట్‌వర్క్‌లో దాపరికం లేకుండా వెళ్లిపోతుంది. మామూలు ఎఫ్‌టీపీ పరిస్థితీ అంతే. పైగా టీఎల్ఎస్ 1.0, 1.1 వెర్షన్లను వాడొద్దని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2021లోనే తేల్చేసింది. 2024 ఆగస్టులో అమెరికా సంస్థ ఎన్ఐఎస్‌టీ క్వాంటమ్ దాడులను తట్టుకునే కొత్త ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలనూ విడుదల చేసింది. వీటిని అందుకోలేని సాఫ్ట్‌వేర్ ఇవాళ చవకగా దొరికినా రేపు భారమే.

మూడోది మార్పు ఖర్చు. రాత్రిపూట నడిచే ఫైల్ బదిలీ జాబులు, ప్రింటింగ్, ఎప్పుడో అసెంబ్లర్‌లో రాసిన ప్రోగ్రాములు.. సాఫ్ట్‌వేర్ మారితే అన్నింటినీ మళ్లీ టెస్ట్ చేయాలి. లైసెన్సు ధరలో ఇది కనిపించదు. ఒక్క జాబు మర్చిపోయినా తెల్లారేసరికి లెక్కలు తేలవు.

మనవాళ్లకేంటి?

అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని విదేశీ బ్యాంకుల ప్రాజెక్టుల్లో చేరిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇలాంటి మార్పు జరిగేటప్పుడు ఆ టెస్టింగ్ భారం పడేది ఇలాంటి టీమ్‌ల మీదే. కోబాల్‌తో పాటు మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్కింగ్, టీఎల్ఎస్ సెట్టింగులు కూడా తెలిసినవాళ్లకు అక్కడ విలువ ఎక్కువ.

సంస్థల విషయానికొస్తే, కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందే సపోర్ట్ గడువు, ఎన్‌క్రిప్షన్ ప్లాన్, పాత జాబుల లిస్టు.. ఈ మూడూ చేతిలో ఉండాలి. స్పీడ్ టెస్ట్ ఆ తర్వాతే!