వాట్లు కాదు, బరువు చూడండి!

కర్నూలు పక్కనున్న కల్లూరులో బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లు ఎక్కువే. ఎండాకాలం గాలికి సన్నటి దుమ్ము ఆ బండల సందుల్లో చేరుతుంది. చీపురుతో ఊడిస్తే కొంత మళ్లీ పైకి లేస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే మరీ కష్టం. అందుకని వ్యాక్యూమ్ క్లీనర్ కొనాలనుకుంటున్నారా? వాట్లు ఎక్కువని మురిసిపోకండి. అవి చెప్పేది కరెంటు వాడకాన్నే, పీల్చే శక్తిని కాదు. యూరప్‌లో 2017 నుంచి 900 వాట్లకే పరిమితి పెట్టారు. చక్రాల మీద లాగే రకమైతే నాలుగైదు కిలోలకు మించనిది ఎంచుకోండి. కొట్లోనే ఒంటిచేత్తో ఎత్తి చూడండి. మేడ మెట్లెక్కించాల్సింది మీరే కదా! రబ్బరు చక్రాలు, సందులకు సన్నమూతి, హెపా ఫిల్టరు ఉన్నాయేమో అడగండి. కడగదగ్గ ఫిల్టరైతే పూర్తిగా ఆరాకే బిగించండి. తడి ఉంటే మోటారు పాడవుతుంది.