ఇంటిపేరు ఎవరిది?

తాడిపత్రినుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. వివాహమై రెండు మాసములైనదట. పుట్టినింటి పేరుమీద చదివిన చదువును, పొందిన పట్టాయు నున్నవి. ఇప్పుడు అత్తవారింటి పెద్దలును, ఒక కచేరీలోని గుమాస్తాయు, ఇంటిపేరు మార్చుకొననిదే కాగితములు చెల్లవని చెప్పుచున్నారట. మార్చుకొనక తప్పదా యని ఆమె ప్రశ్న. ప్రశ్న చిన్నదే. కాని బదులు వ్రాయబూనినప్పుడు, అసలు ఇంటిపేరనగా నేమి, అది యెవరిది యని మేము విచారింపవలసి వచ్చినది. ఆ విచారణమునే ఈ మాసము చదువరులైన సోదరీమణుల ముందుంచుచున్నాము.

తెలుగువారి యింటిపేర్లలో నధికభాగము ఊరిపేర్లే. ఇందొక వింత గలదు. ఊరిలో నుండగా ఆ యూరిపేరు ఎవ్వరికిని గుర్తు కాజాలదు. తాడిపత్రి బజారులో నిలిచి 'తాడిపత్రివారూ!' అని పిలిచిన నెవరు పలుకుదురు? అందఱును పలుకవలసినదే! ఆ కుటుంబము పొరుగూరికి పోయి కాపురముండిననాడు మాత్రమే 'ఫలానా యూరివారు' అనుమాట వారికి గుర్తై, కొడుకులకును మనుమలకును ఇంటిపేరై నిలుచును. కావున ఇంటిపేరు పెక్కుచోట్ల మన పూర్వుల వలసను దెలుపు చీటి వంటిది. వానలు తప్పుటయు, చెఱువు లెండుటయు, పశువులను దోలుకొని జనులు నీరున్న చోటు వెదకికొనుచు పోవుటయు ఈ సీమకు క్రొత్తగావు. 1876-78 నాటి ధాతకఱవును పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. అంతకుముందును కఱవులు లేకపోలేదు. అట్లు కదలిన కుటుంబము గింజలను మోసికొనిపోలేకపోయినను ఊరిపేరును మోసికొనిపోగలదు. దానికి బండి యక్కఱలేదు.

పేరు పుట్టుట కన్నులయెదుట జరిగిన సంగతి యొకటి యీ తాడిపత్రికే సంబంధించినది గలదు. ప్రఖ్యాతనటుడు బళ్లారి రాఘవ 1880లో ఇచ్చటనే జన్మించెను. ఆయన యింటిపేరును తాడిపత్రియే. పూర్తిపేరు తాడిపత్రి రాఘవాచార్యులు. (ఊరిపేరు గలవారు ఆ యూర నుండరను మాటకు ఇది యొక మినహాయింపు.) బళ్లారిలో న్యాయవాదియై, నాటకరంగమున కీర్తిగని, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టిన యాయన 1946లో మరణించునాటికి లోకము తాడిపత్రిని మఱచి, బళ్లారినే ఆయన పేరిటికి ముందు చేర్చినది. ఆయన మేనమామ, నాటకకర్త ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) కూడ బళ్లారిలో వకీలే. కాని మామకు ధర్మవరము ధర్మవరముగనే నిలిచినది. ఒకే యింటి మామకు నిలిచినది అల్లునికి మాఱినది. లోకుల నోటికి నియమమేది?

తాడిపత్రిలో దేవునికి కూడ ఇంటిపేరున్నట్లే మాకు తోచును. పెన్న యొడ్డున నున్నవాడు బుగ్గ రామలింగేశ్వరుడు. ఎండకాలమునను ఊరుచుండు నీటిబుగ్గయే ఆయనకు గుర్తు. ఊరిలోనివాడు చింతల వేంకటరమణుడు. చింతచెట్టులో స్వామి దొరకెనని స్థలకథ చెప్పును. ఈ రెండాలయములను విజయనగర ప్రభువులనాడు, 15, 16 శతాబ్దులలో, కట్టించిన కీర్తి పెమ్మసానివారిది. వారు గండికోట నేలిన నాయకులు. రామలింగనాయడు, తిమ్మానాయడు అను పేర్లు నాడు పలువురికి నుండియుండును. 'పెమ్మసాని' యను నాలుగక్షరములు ముందుండుటచేతనే ఆ నాయకు లెవరో నేటికిని మనకు తెలియుచున్నది.

ఊరిపేర్లు గాక వృత్తివలన, పదవివలన, చెట్టువలన, జంతువువలన వచ్చినవి కలవు. మన వంటయింటి సరకులు కూడ ఇంటిపేర్లయినవి: పప్పువారు, మిరియాలవారు, అల్లంవారు, బెల్లంవారు, నేతివారు, పెరుగువారు, వంకాయలవారు. ఇందఱిని ఒక పంక్తిని కూర్చుండబెట్టిన విందుభోజనము సిద్ధమగును. గంజివారు కూడ నున్నారు గనుక కఱవుకాలమునకును లోటులేదు. ఇట్టి ప్రతి పేరునకు నొక కథ చెప్పుదురు గాని, వానిలో పెక్కు పేరు వచ్చిన పిమ్మట అల్లినవే యని మా యభిప్రాయము.

ఇక స్త్రీలమాట. మన ప్రాచీన కవయిత్రులలో మువ్వురిని జూడుడు. సుభద్రాకల్యాణము రచించిన తిమ్మక్క అన్నమాచార్యుల భార్య. ఆమె భర్త యింటిపేరున తాళ్లపాక తిమ్మక్కగా ప్రసిద్ధురాలు. రామాయణకర్త్రి మొల్ల కేసనసెట్టి కూతురు. ఆమె తండ్రి యింటిపేరున ఆతుకూరి మొల్ల. వేంగమాంబ పుట్టినింటివారు కానాలవారు. బాల్యముననే భర్తను గోల్పోయి, లోకుల మాటలను లెక్కింపక, తిరుమలజేరి గ్రంథములు రచించిన యామెను పుట్టినింటి పేరునను మెట్టినింటి పేరునను ఎవ్వరు పిలువరు. ఆమె పుట్టిన యూరు తరిగొండ, ఆమె తరిగొండ వేంగమాంబ. వివాహముతో ఇంటిపేరు మాఱుట యనాదిగా వచ్చిన ధర్మమని పలుకువారికి ఈ మూడు పేర్లు జ్ఞప్తి చేయవలయును.

మేనరికములందు మఱియొక విశేషము గలదు. తల్లి తన పుట్టినింటి పేరు విడిచి మెట్టినింటికి వచ్చును. ఆమె కూతురు మేనమామ కొడుకును బెండ్లాడినచో, తల్లి విడిచిన పేరే కూతురికి మరల వచ్చును. దగ్గఱి రక్తసంబంధపు వివాహములు సంతానమునకు మేలు గావని వైద్యులు హెచ్చరించుచున్నారు, మేమును వానిని ప్రోత్సహింపము. కాని ఆ యాచారము వెనుక, పోయిన పేరును మరల దెచ్చుకొను తల్లి మనసు కొంత యుండెనేమో యని యనిపించును.

ఇంటిపేరును ముందుంచి సొంతపేరును వెనుక బలుకుట మనకును చీనావారికిని సామాన్యము. వారికి కొన్ని వేల పేర్లే వాడుకలో నున్నవి. వాంగ్, లీ, ఝాంగ్ అను మూడింటిలో ఒక్కొక్కదానిని 9 కోట్లకు పైబడిన జనులు ధరించుచున్నారు. సుంగ్ వంశపు రాజులనాడు కూర్చిన 'నూఱు ఇంటిపేర్లు' అను పుస్తకమును పిల్లలు కంఠస్థము చేసెడివారు. పేరు నూఱేగాని అందున్నవి అయిదువందలకు పైగా! మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. ఇంటిపేరను మాటకు చీనాలిపిలో నున్న యక్షరమున రెండు భాగములు గలవు. ఒకటి 'స్త్రీ', రెండవది 'పుట్టుక'. అతిప్రాచీనములైన కొన్ని వంశనామముల లిపిలో సయితము స్త్రీ గుర్తు గానవచ్చుచున్నది. వివాహిత భర్త యింటిపేరు తీసికొనుట నేడు అచ్చట వాడుకలో లేదు. 1950 నాటి వారి వివాహశాసనము దంపతు లిద్దఱికిని ఎవరి పేరు వారు నిలుపుకొను హక్కు నిచ్చినది. బిడ్డలకు మాత్రము సాధారణముగా తండ్రి పేరే వచ్చును.

మనవారు సముద్రము దాటినపుడు ఇంటిపేర్లే నష్టమైనవి. 1860లో మదరాసునుండి 'ట్రూరో' యను ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. ఆ తరువాతి యోడలలో తెలుగువారు పెక్కుమంది పోయిరి. వ్రాసికొను దొరలకు ఇంటిపేరను భేదము తెలియదు. తండ్రి పేరో, కులబిరుదమో చిట్టా కెక్కినది. నేడు వారి సంతతి నాయుడులు, రెడ్లు, అప్పలస్వాములుగా నున్నారు. తాతతండ్రుల యూరేదో తెలుసుకొనుటకు ఇంటిపేరొక్కటే దారి కాగా, ఆ దారియే మూసికొనిపోయినది.

తాడిపత్రి సోదరికి మా బదులు. వివాహిత భర్త యింటిపేరు ధరించి తీరవలెనను శాసనము భారతదేశమున లేదు. పుట్టినింటి పేరుతోనే పాసుపోర్టు మొదలగునవి పొందవచ్చును. మార్చుకొన దలచినచో అన్ని కాగితములలోను ఒక్కతీరుగ మార్చుకొనుడు. సగము మార్చి సగము మానుటవలననే చిక్కులు వచ్చును. మార్చినను మానినను వివాహ ధ్రువపత్రము మాత్రము భద్రముగ నుంచుకొనుడు. పేరు మాఱినంతమాత్రమున పుట్టినింటి యాస్తిలో హక్కు పోదు. 1985 సెప్టెంబరు నుండి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ నాటికి పెండ్లికాని కుమార్తెలకును, 2005 కేంద్రసవరణవలన వివాహితలకును, పిత్రార్జితమున కుమారులతో సమానభాగము గలదు.

మఱియొక తీర్పును గూడ ఆమె తెలిసికొనుట మంచిది. భర్త మరణింపగా పునర్వివాహము చేసికొన్న యొక తల్లి తన బిడ్డకు రెండవ భర్త యింటిపేరు పెట్టెను. మొదటి భర్త తలిదండ్రులు వ్యాజ్యమాడిరి. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము పూర్వపు పేరే నిలుపవలెననియు, కాగితములలో రెండవ భర్తను సవతితండ్రిగా చూపవలెననియు చెప్పెను. 2022 జూలైలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, బిడ్డ యింటిపేరు నిర్ణయించు హక్కు తల్లిదే యనియు, సవతితండ్రి యని వ్రాయించుట బిడ్డపట్ల క్రూరమనియు తీర్మానించినది. ఆ గుమాస్తా మరల పట్టుబట్టినచో, ఏ శాసనము ప్రకార మడుగుచున్నాడో కాగితముమీద వ్రాసి యిమ్మని మర్యాదగా గోరుడు.